అగ్రిప్పినా స్వీయచరిత్ర : లుప్తగ్రంథం, చరిత్రకారుల తీర్పు

ఉపోద్ఘాతం

రోమన్ చరిత్రకారుడు టాసిటస్ తన ‘అన్నల్స్’ గ్రంథం నాలుగవ భాగంలో క్రీ.శ. 26 నాటి ఒక చిన్న సంఘటనను నమోదు చేశాడు. సేనాని జెర్మానికస్ భార్య పెద్ద అగ్రిప్పినా వైధవ్యంలో, అనారోగ్యంతో మంచాన ఉంది. చక్రవర్తి టైబీరియస్ ఆమెను చూడవచ్చాడు. ఆమె చాలాసేపు మాటలేకుండా కన్నీరు కార్చి, చివరకు తన ఒంటరితనాన్ని తీర్చమని, మరొక వివాహానికి అనుమతించమని కోరింది. ఆ వివాహం వల్ల రాజ్యాధికారంలో ఎటువంటి చిక్కు రాగలదో టైబీరియస్ గ్రహించాడు. ఆమె ఎంత బతిమాలినా జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఇంతవరకు చెప్పి టాసిటస్ ఒక మాట చేర్చాడు. ఈ సంగతి చరిత్రకారులెవరూ రాయలేదని, నీరో చక్రవర్తి తల్లియైన చిన్న అగ్రిప్పినా తన జీవితాన్ని, తనవారి కష్టసుఖాలను భావితరాలకు తెలియజేస్తూ రాసిన గ్రంథంలో తనకు లభించిందని పేర్కొన్నాడు.

ఆ గ్రంథం నేడు లేదు. రోమన్ సామ్రాజ్య ప్రభువంశంలో పుట్టిన ఒక స్త్రీ తన కథను తానే రాసుకొన్నదనడానికి ఇంత స్పష్టమైన సాక్ష్యం అరుదు. ఆ రచయిత్రి గురించి ఈనాడు లోకానికి తెలిసిన కథ మాత్రం టాసిటస్, స్వెటోనియస్, కాసియస్ డియో అనే ముగ్గురు పురుషులు చెప్పినది. అందులో ఆమె భర్తకు విషం పెట్టిన ఇల్లాలు, సవతికొడుకు హక్కును కాజేసిన తల్లి, అధికారదాహం గల స్త్రీ. అగ్రిప్పినా జీవితాన్ని ఈ కథనాల ద్వారాను, నాణేలు, శిల్పాలు మొదలైన సమకాలిక ఆధారాల ద్వారాను పరిశీలించి, లుప్తమైన ఆమె గ్రంథం నుండి మిగిలిన రెండు ప్రస్తావనలు ఎందుకు మిగిలాయో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రభువంశ స్త్రీ : చట్టం, హద్దు

రోమన్ స్త్రీకి సాధారణంగా తనదంటూ ప్రత్యేకమైన పేరు ఉండేది కాదు. తండ్రి వంశనామానికి స్త్రీలింగ రూపమే ఆమె పేరు. జూలియస్ వంశపు ఆడపిల్ల జూలియా, క్లాడియస్ వంశపు ఆడపిల్ల క్లాడియా. జూలియా అగ్రిప్పినా అనే పేరులో మొదటిది తండ్రి వంశాన్ని, రెండవది తల్లి పేరును, ఆమె ద్వారా తాత మార్కస్ అగ్రిప్పాను గుర్తుచేస్తుంది.

ఆస్తి విషయంలో ఉన్నతకుటుంబ స్త్రీల పరిస్థితి కొంత మెరుగు. సామ్రాజ్యయుగం నాటికి భార్య భర్త అధీనంలోకి పోకుండా పుట్టింటి వంశంలోనే నిలిచే వివాహపద్ధతి ప్రబలంగా ఉంది. తండ్రి మరణించిన తరువాత ఆమె సొంత ఆస్తికి యజమానురాలు కాగలదు. అయితే ముఖ్యమైన లావాదేవీలకు పురుషసంరక్షకుని అనుమతి కావాలి. అగస్టస్ చట్టాల ప్రకారం ముగ్గురు బిడ్డలను కన్న స్వతంత్ర స్త్రీకి ఆ సంరక్షణ నుండి విముక్తి లభించేది. క్లాడియస్ కాలపు చట్టం మరొక అడుగు వేసి, తండ్రివైపు పురుషబంధువులు స్త్రీలకు సహజసంరక్షకులుగా ఉండే పాతపద్ధతిని తొలగించిందని న్యాయశాస్త్రవేత్త గాయస్ తెలిపాడు.

ధనం ఉండవచ్చు, బానిసలు ఉండవచ్చు, విద్య ఉండవచ్చు. పదవి మాత్రం ఉండదు. సెనేట్‌లో కూర్చోవడం, న్యాయాధికారం వహించడం, సైన్యాన్ని నడపడం స్త్రీకి నిషిద్ధం. అందువల్ల ప్రభువంశ స్త్రీ రాజకీయ ప్రభావమంతా తండ్రి, సోదరుడు, భర్త, కొడుకు అనే నాలుగు బంధుత్వాల ద్వారానే సాగవలసి వచ్చింది. అగ్రిప్పినా జీవితంలో ఈ నాలుగూ చక్రవర్తి సింహాసనం చుట్టూనే తిరిగాయి. ఆమె తండ్రి టైబీరియస్ దత్తపుత్రుడు. సోదరుడు, భర్త, కొడుకు ముగ్గురూ చక్రవర్తులు.

జననం నుండి ప్రవాసం వరకు

అగ్రిప్పినా క్రీ.శ. 15 నవంబరు 6న రైన్ నదీతీరంలోని ఉబియుల పట్టణంలో, తండ్రి జెర్మానికస్ సైన్యాన్ని నడుపుతున్న కాలంలో జన్మించింది. తల్లివైపు నుండి ఆమె అగస్టస్ చక్రవర్తికి మునిమనుమరాలు. తండ్రివైపు నుండి అగస్టస్ భార్య లివియాకు మునిమనుమరాలు.

ఆమెకు నాలుగేళ్ళు నిండకముందే, క్రీ.శ. 19లో, తండ్రి సిరియాలోని అంతియోకులో మరణించాడు. విషప్రయోగం జరిగిందని పుకారు. తల్లి భర్త చితాభస్మంతో ఇటలీకి తిరిగివచ్చింది. ఆ తరువాత పదేళ్ళు ఆ కుటుంబం టైబీరియస్ అనుమానపు నీడలో బతికింది. క్రీ.శ. 28లో టైబీరియస్ చిన్న అగ్రిప్పినాను గ్నేయస్ డొమిటియస్ అహెనోబార్బస్‌కిచ్చి పెళ్ళిచేశాడు. అప్పటికి ఆమె వయస్సు సుమారు పదమూడు. మరుసటి ఏడు తల్లిని పాండటేరియా ద్వీపానికి పంపివేశారు. క్రీ.శ. 33లో ఆ తల్లి అక్కడే ఆహారం లేక మరణించింది. పెద్దన్నలిద్దరూ నిర్బంధంలోనే చనిపోయారు. తల్లి పుట్టినరోజును అశుభదినంగా గణించాలని టైబీరియస్ సూచించినట్లు స్వెటోనియస్ రాశాడు. ఈ వివరం మళ్ళీ అవసరమవుతుంది.

మిగిలిన సోదరుడు గాయస్, అనగా కాలిగులా, క్రీ.శ. 37లో చక్రవర్తి అయ్యాడు. తల్లి చితాభస్మాన్ని స్వయంగా రోముకు తెచ్చాడు. ముగ్గురు చెల్లెళ్ళ బొమ్మలను, పేర్లతో సహా, నాణెం మీద ముద్రింపజేశాడు. ప్రభుభక్తి ప్రమాణాలలో వారి పేర్లు చేర్చాడు. అదే ఏడు డిసెంబరు 15న అగ్రిప్పినాకు ఆంటియం పట్టణంలో ఏకైక సంతానం, భావి నీరో, పుట్టాడు. రెండేళ్ళు తిరగకముందే ఆ ఆదరం తలకిందులైంది. క్రీ.శ. 39లో లెపిడస్‌తో కలిసి కుట్రపన్నిందన్న ఆరోపణపై కాలిగులా ఆమెను ద్వీపాంతరవాసానికి పంపాడు. అంతకుముందు, మరణశిక్ష పొందిన లెపిడస్ అస్థికలను ఆమెచేత రోముదాకా మోయించాడు. చెల్లెళ్ళ నగలను, సామానును, బానిసలను గాల్ దేశంలో వేలం వేయించాడు. ఇరవై నాలుగేళ్ళు నిండేలోగా అగ్రిప్పినా చూసిన రాజకుటుంబ జీవితం ఇది. నిలువనీడ ఇచ్చిన బంధుత్వమే ఉరితాడుగా మారగలదన్న పాఠం ఆమెకు ఈ ఇంట్లోనే లభించింది.

ఆమె తరువాతి నడతను కేవలం అధికారదాహంగా చెప్పే చరిత్రకారులు ఈ నేపథ్యాన్ని తగినంతగా పట్టించుకోలేదు. దానికి ఒక గ్రంథసంబంధమైన కారణం కూడా ఉంది. ‘అన్నల్స్’లో ఏడు నుండి పది వరకు గల భాగాలు పూర్తిగాను, పదకొండవ భాగం ఆరంభం కొంతవరకును నశించాయి. కాలిగులా పాలన అంతా, క్లాడియస్ పాలన తొలి సంవత్సరాలు ఆ నష్టంలో పోయాయి. అగ్రిప్పినా ప్రవాసం, పునరాగమనం, రెండవ వివాహం గురించి టాసిటస్ చెప్పిన కథనం చేతికి రాలేదు. చేతికి వచ్చిన భాగంలో ఆమె కనబడేసరికి అప్పటికే పన్నాగాలు పన్నే వయసు స్త్రీ.

అగస్టా

క్రీ.శ. 41లో కాలిగులా హతుడయ్యాక, చక్రవర్తియైన పినతండ్రి క్లాడియస్ ఆమెను వెనక్కు పిలిపించాడు. అప్పటికే మొదటి భర్త మరణించాడు. ఆమె ధనికుడైన పాసియేనస్ క్రిస్పస్‌ను వివాహమాడింది; అతడి మరణానంతరం ఆస్తి ఆమెకు దక్కింది. ఆ మరణానికి కూడా ఆమెనే కారణంగా చెప్పినవారున్నారు. క్రీ.శ. 48లో క్లాడియస్ భార్య మెస్సలీనా హతురాలైంది. మరుసటి ఏడు క్లాడియస్ తన అన్నకూతురు అగ్రిప్పినాను వివాహమాడాడు. రోమన్ ఆచారంలో ఇది వావి తప్పిన సంబంధం. అన్నకూతురితో వివాహం చెల్లుతుందని సెనేట్ ప్రత్యేకంగా తీర్మానించవలసి వచ్చింది.

ఆ తరువాత ఐదేళ్ళలో జరిగినది వేగవంతమైన ఆరోహణ. కోర్సికాలో ప్రవాసంలో ఉన్న తత్త్వవేత్త సెనెకాను రప్పించి కొడుకుకు గురువుగా నియమింపజేసింది. క్రీ.శ. 50లో క్లాడియస్ ఆ కొడుకును దత్తత తీసుకొని నీరో అని పేరు పెట్టాడు. సొంత కొడుకు బ్రిటానికస్ చిన్నవాడు కావడంతో వెనుకబడ్డాడు. అదే సంవత్సరం అగ్రిప్పినాకు ‘అగస్టా’ బిరుదు లభించింది. లివియాకు ఈ బిరుదు భర్త చనిపోయాక వచ్చింది. జీవించి ఉన్న చక్రవర్తి భార్యగా దానిని పొందిన మొదటి స్త్రీ అగ్రిప్పినా. తాను పుట్టిన ఉబియుల పట్టణాన్ని కూడా అదే ఏడు తన పేరుతో రోమన్ వలసనగరంగా మార్పించింది. నేటి జర్మనీలోని కొలోన్ నగరం అదే.

క్రీ.శ. 51లో బ్రిటన్ నాయకుడు కారటాకస్‌ను బందీగా రోముకు తెచ్చినప్పుడు క్లాడియస్ ఒక వేదికపైన, అగ్రిప్పినా దగ్గరలోనే మరొక వేదికపైన కూర్చున్నారు. బందీలు ఇద్దరికీ నమస్కరించారు. సైనికధ్వజాల ముందు స్త్రీ ఆసీనురాలు కావడం పూర్వుల ఆచారానికి కొత్త అని, తన పూర్వులు సంపాదించిన సామ్రాజ్యంలో భాగస్వామినని ఆమె చాటుకొన్నదని టాసిటస్ వ్యాఖ్యానించాడు. అతడి మాటలో మందలింపు ఉంది. అయినా ఆ వాక్యంలోనే ఆమె వాదం కూడా నిక్షిప్తమై ఉంది. సామ్రాజ్యస్థాపకుడి రక్తం క్లాడియస్‌లో లేదు. ఆమెలో ఉంది.

నాణేల సాక్ష్యం

క్రీ.శ. 54 అక్టోబరు 13న క్లాడియస్ మరణించాడు. పదహారేళ్ళ నీరో చక్రవర్తి అయ్యాడు. తొలిరోజున అంగరక్షకదళానికి అతడిచ్చిన సంకేతపదానికి ‘ఉత్తమ మాత’ అని అర్థం. సెనేట్ సమావేశాలను రాజప్రాసాదంలో ఏర్పాటుచేసి, అగ్రిప్పినా తెర చాటున నిలబడి వినే వీలు కల్పించారు.

తొలి సంవత్సరపు బంగారు, వెండి నాణేలపై తల్లీకొడుకులు ఎదురెదురుగా ఉన్నారు. ముఖభాగంలో ఉన్న అక్షరాలు అగ్రిప్పినా పేరును, బిరుదులను చెబుతాయి. చక్రవర్తి పేరు వెనుకభాగానికి వెళ్ళింది. క్రీ.శ. 55 నాటి నాణెంలో ఇద్దరి ముఖాలూ ఒకే వైపుకు తిరిగాయి. నీరో ముందు, తల్లి వెనుక. ముఖభాగపు అక్షరాలు ఇప్పుడు నీరోవి, వెనుకభాగం తల్లిది. ఆ తరువాత రోము టంకశాల నాణేలపై ఆమె కనబడదు. ఒక స్త్రీ అధికారం ఎంత త్వరగా తరిగిందో చరిత్రకారుల వ్యాఖ్యతో పనిలేకుండా ఈ మూడు దశలు చూపిస్తున్నాయి. నేటి తుర్కియేలోని ఆఫ్రోడిసియాస్‌లో బయల్పడిన శిల్పంలో అగ్రిప్పినా చేతిలో సమృద్ధిశృంగంతో నిలబడి, సైనికవేషంలోని నీరోకు తానే కిరీటం పెడుతున్నది. రోము చరిత్రకారులు నేరంగా చెప్పిన విషయాన్నే ఆ సుదూరనగరం శుభదృశ్యంగా రాతిలో మలచుకొన్నది.

నాణేల వల్ల తెలుగునేలకు కూడా ఈ వంశంతో ఒక పరిచయముంది. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాలలో లభించిన రోమన్ వెండినాణేల నిధులలో టైబీరియస్ నాణేలు ప్రముఖమైనవి. వాటి వెనుకవైపు చేత దండం, కొమ్మ ధరించి ఆసీనురాలైన స్త్రీమూర్తి ఉంటుంది. ఆమెను లివియాగా గుర్తించిన నాణేశాస్త్రవేత్తలు అనేకులు. అయితే ఆ నాణెం మీద ఆ స్త్రీ పేరు లేదు. పేరులేని మునితాతమ్మ బొమ్మతో పోలిస్తే, తన పేరును ముఖభాగాన చెక్కించుకొన్న మునిమనుమరాలి సాహసం ఎంతటిదో అర్థమవుతుంది.

మిగిలిన రెండు ప్రస్తావనలు

లుప్తగ్రంథం నుండి స్పష్టంగా తెలిసినవి రెండే విషయాలు. ఒకటి, పైన చెప్పిన టాసిటస్ ప్రస్తావన. రెండవది ప్లినీ ‘ప్రకృతి చరిత్ర’ ఏడవ భాగంలో ఉంది. నీరో ఎదురుకాళ్ళతో పుట్టాడని అతడి తల్లి అగ్రిప్పినా రాసిందని ప్లినీ పేర్కొన్నాడు.

రెంటిలోను ఒక సామ్యం ఉంది. ఒకటి రోగశయ్యపై ఉన్న తల్లి కన్నీరు. మరొకటి పురిటిగదిలోని వేదన. యుద్ధాలు, సెనేట్ తీర్మానాలు, కాన్సుళ్ళ పేర్లు వరుసగా రాసే సంవత్సరచరిత్రలలో ఈ రెంటికీ చోటులేదు. తక్కిన చరిత్రకారులు రాయలేదని టాసిటస్ ఒప్పుకోవడమే అందుకు నిదర్శనం. ఇంటి లోపల జరిగి, ఇంటివారికి మాత్రమే తెలిసిన సంగతులను రాజ్యచరిత్రలో భాగంగా భావించి రాసిన దృష్టి అగ్రిప్పినాది.

అయితే ఈ సంగతులు వ్యక్తిగతమైనవి మాత్రమే అనుకోరాదు. తల్లి మరో పెళ్ళిని కోరడం, టైబీరియస్ జవాబివ్వకుండా వెళ్ళిపోవడం ఒక రాజకీయాభియోగం. జెర్మానికస్ కుటుంబాన్ని ఆ చక్రవర్తి ఎలా చూశాడో చెప్పడానికి అంతకంటె క్లుప్తమైన దృశ్యం దొరకదు. ఎదురుకాళ్ళ కాన్పు సంగతి కూడా అటువంటిదే. అలా పుట్టినవారిని రోమన్లు ‘అగ్రిప్పా’ అని పిలిచేవారని ప్లినీయే తెలిపాడు. అగస్టస్ కుడిభుజంగా నిలిచిన మార్కస్ అగ్రిప్పా అలా పుట్టినవాడే. అతడు అగ్రిప్పినాకు తాత. ఆమె పేరు అతడి పేరు నుండి వచ్చినదే. కొడుకు కూడా ముత్తాతలాగే పుట్టాడని రాయడంలో ఆమె ఆ వంశగౌరవాన్ని కొడుకుకు అందించదలచిందని ఊహించవచ్చు. అది ఊహయే అయినా, ‘తనవారి కష్టసుఖాలు’ అని టాసిటస్ చెప్పిన గ్రంథవిషయానికి పొసగే ఊహ.

ప్లినీ ఆ వాక్యాన్ని వాడుకొన్న తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. ఎదురుకాళ్ళ పుట్టుక అశుభమని, అగ్రిప్పా ఒక్కడే దానికి మినహాయింపని చెప్పి, ఆ అగ్రిప్పా సంతతి కూడా లోకానికి చేటు తెచ్చిందని నిరూపించడానికి నీరోను ఉదాహరించాడు. అందుకు సాక్షిగా తల్లినే నిలబెట్టాడు. టాసిటస్ కూడా ఆమె గ్రంథాన్ని టైబీరియస్ క్రూరత్వానికి సాక్ష్యంగా గ్రహించాడు. ఆమె జీవితాన్ని చెప్పే భాగాలలో మాత్రం ఆ గ్రంథాన్ని ఒక్కసారి కూడా పేర్కొనలేదు. ఆమె తన తల్లి గురించి, కొడుకు గురించి చెప్పిన మాటలు, ఇతరుల వాదానికి అక్కరకు వచ్చినంత మేరకే నిలిచాయి. తనను గురించి ఆమె చెప్పుకొన్నది ఒక్క ముక్కయినా నిలువలేదు.

చరిత్రకారుల మూస

టాసిటస్ ‘అన్నల్స్’ రచన రెండవ శతాబ్ది ఆరంభంలో సాగింది. అగ్రిప్పినా మరణించేనాటికి అతడు పసివాడు. స్వెటోనియస్ అప్పటికింకా పుట్టలేదు. కాసియస్ డియో మూడవ శతాబ్దివాడు. వీరి కథనాలలో అగ్రిప్పినాకు ఆపాదించిన పనులు చాలావరకు ఒక మూసలో ఒదుగుతాయి. క్రూరయైన సవతితల్లి, విషమిచ్చే భార్య, సైన్యానికి ఆజ్ఞలిచ్చే ఆడది అనే మూడు రూపాలు రోమన్ సాహిత్యంలో అంతకుముందే స్థిరపడినవి. ‘అగ్రిప్పినా చిత్రణ’ను ప్రత్యేకంగా పరిశీలించిన జుడిత్ గిన్స్‌బర్గ్ 2006లో వెలువడిన తన గ్రంథంలో ఈ మూసలను విశదంగా చర్చించింది.

ఒక ఉదాహరణ చాలు. అగస్టస్ మరణించినప్పుడు లివియా ఇంటిచుట్టూ కావలి పెట్టించి, చక్రవర్తి కోలుకొంటున్నాడన్న వార్తలు వదిలి, టైబీరియస్ వచ్చాక మరణాన్ని ప్రకటించిందని టాసిటస్ మొదటి భాగంలో రాశాడు. పన్నెండవ భాగంలో క్లాడియస్ మరణించినప్పుడు అగ్రిప్పినా కూడా అదే పని చేస్తుంది: ద్వారాలు మూయించడం, ఆశాజనకమైన వార్తలు, ఆపైన నీరో ప్రవేశం. రెండుచోట్లా భర్త మరణం వెనుక భార్య హస్తముందన్న సూచన ఉంది. వారసత్వం సాఫీగా సాగడానికి ఏ రాజవంశమైనా చేసే ఏర్పాటునే, స్త్రీ చేసినప్పుడు, నేరానికి రుజువుగా చూపడం ఇక్కడి పద్ధతి.

క్లాడియస్‌కు పుట్టగొడుగులలో విషం కలిపి పెట్టిందన్న కథ కూడా ఇలా పరిశీలించదగినది. టాసిటస్ దానిని నిస్సందేహంగా చెప్పాడు. విషప్రయోగం జరిగిందన్నది అందరూ అంగీకరించిన మాటేనని, ఎక్కడ, ఎవరి చేత అన్నదానిలో భేదాభిప్రాయాలున్నాయని స్వెటోనియస్ అన్నాడు. వీరిద్దరికంటె ముందువాడైన జోసెఫస్ కొందరు చెప్పుకొన్న మాటగా మాత్రమే దానిని నమోదు చేశాడు. కాలం గడిచేకొద్దీ పుకారు నిశ్చయంగా మారిన క్రమం ఇందులో కనబడుతుంది.

లొల్లియా పౌలీనా : మరొక మౌనం

అయినంత మాత్రాన అగ్రిప్పినాను నిర్దోషిగా నిలబెట్టడం కూడా చరిత్ర కాదు. ఆమె ఆరోహణకు మూల్యం చెల్లించినవారు చాలామంది. వారిలో లొల్లియా పౌలీనా ఒకతె. ఆమె కూడా ఉన్నతవంశస్థురాలు, ఒకప్పుడు కొద్దికాలం కాలిగులాకు భార్య. క్లాడియస్‌ను వివాహమాడడానికి అగ్రిప్పినాతో పోటీపడింది. వివాహం జరిగిన సంవత్సరమే ఆమె చక్రవర్తి పెళ్ళి గురించి జ్యోతిష్కులను, మాంత్రికులను సంప్రదించిందని అభియోగం మోపారు. అపారమైన ఆస్తిలో యాభై లక్షల సెస్టర్సులు మిగిల్చి, దేశబహిష్కారం విధించారు. ఆపైన ఒక సైనికాధికారిని పంపి ఆత్మహత్యకు పాల్పడేటట్లు ఒత్తిడి చేశారు. ఇదంతా అగ్రిప్పినా పగవల్లనే జరిగిందని టాసిటస్ రాశాడు.

లొల్లియాను ప్లినీ స్వయంగా చూశాడు. ఒక సామాన్యమైన నిశ్చితార్థపు విందుకు ఆమె నాలుగు కోట్ల సెస్టర్సుల విలువచేసే మరకతాలు, ముత్యాలు ధరించి వచ్చిందని, ఆ వెలకు రుజువులు చూపడానికి కూడా సిద్ధంగా ఉండేదని రాశాడు. అగ్రిప్పినాను కూడా చూశాడు. క్రీ.శ. 52లో ఫూకినస్ సరస్సు దగ్గర జరిగిన నౌకాయుద్ధ ప్రదర్శనలో ఆమె బంగారుదారంతో నేసిన వస్త్రం కప్పుకొని క్లాడియస్ పక్కన కూర్చున్నదని చెప్పాడు. ప్లినీ గ్రంథంలో లొల్లియా కేవలం ఆమె నగలే. అగ్రిప్పినా ఒకచోట వస్త్రం, మరొకచోట గ్రంథకర్త్రి. ఈ భేదానికి కారణం ఒకరు రాయడం, మరొకరు రాయకపోవడం.

మరణం

క్రీ.శ. 55లో బ్రిటానికస్ విందుశాలలో హఠాత్తుగా మరణించిన తరువాత తల్లీకొడుకుల సంబంధం బెడిసింది. నీరో ఆమె అంగరక్షకులను ఉపసంహరించి, రాజప్రాసాదం నుండి వేరే ఇంటికి పంపాడు. నాణేలపై ఆమె రూపం మాయమైన కాలం ఇదే. క్రీ.శ. 59 మార్చిలో, మినర్వా దేవి ఉత్సవాల సమయంలో, బయ్యే తీరానికి ఆమెను ఆహ్వానించి, తిరుగుప్రయాణంలో కూలిపోయేటట్లు అమర్చిన ఓడలో ఎక్కించారు. ఓడ కూలింది. తానే అగ్రిప్పినానని, రక్షించమని కేకవేసిన సహచరి అసెర్రోనియాను నీటిలోనే తెడ్లతో కొట్టి చంపారు. అగ్రిప్పినా మౌనంగా ఈది ఒడ్డుకు చేరింది. ఆ రాత్రే నౌకాదళాధిపతి అనిసెటస్ మనుషులతో వచ్చి ఆమెను ఇంట్లోనే చంపాడు. అప్పుడామెకు నలభై మూడేళ్ళు. భోజనపు పడకమీదనే ఆ రాత్రి దహనం చేశారు. నీరో బతికి ఉన్నంతకాలం సమాధి కట్టలేదు. తరువాత ఇంటి పరిచారకులు మిసేనం బాటపక్కన ఒక చిన్న గోరీ నిర్మించారు.

సెనేట్ దేవతలకు కృతజ్ఞతార్చనలు ప్రకటించింది. ఆమె పుట్టినరోజును అశుభదినాలలో చేర్చింది. సభ్యులలో థ్రాసియా పేటస్ లేచి బయటకు నడిచాడు. టైబీరియస్ తల్లి విషయంలో సూచించినది, సెనేట్ కూతురు విషయంలో అమలుచేసింది. లొల్లియా అస్థికలను తిరిగి తెప్పించి సమాధి కట్టడానికి నీరో అనుమతించినది కూడా ఈ సందర్భంలోనే. శత్రువు చనిపోయాక మాత్రమే లొల్లియాకు చరిత్రలో రెండవసారి చోటు దక్కింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, పదవి లేని ప్రభువంశ స్త్రీకి రాజకీయం బంధుత్వం ద్వారానే సాధ్యమైంది; అగ్రిప్పినా చేసినవి ఆ ఇరుకు మార్గంలోనే. రెండవది, ఆమె నేరాలుగా చెప్పినవాటిలో కొన్ని జరిగినవి, కొన్ని మూసలోంచి వచ్చినవి. వాటిని విడదీయడానికి నాణేలు, శిల్పాలు, ప్రాచీన కథనాల మధ్య భేదాలు ఉపకరిస్తాయి. మూడవది, ఆమె స్వీయచరిత్రలో నిలిచిన రెండు ప్రస్తావనలు ఆమె కోసం నిలువలేదు. టైబీరియస్‌ను, నీరోను నిందించడానికి సాక్ష్యంగా పనికివచ్చినందువల్ల నిలిచాయి.

లుప్తగ్రంథాల గురించి ఆలోచించేటప్పుడు సాధారణంగా పోయినదాన్ని లెక్కిస్తారు. మిగిలినది ఎవరి చేతిమీదుగా, ఏ అవసరం కోసం మిగిలిందో చూడడం కూడా అంతే ముఖ్యం. తల్లి కన్నీటిని చూసిన కూతురిగా, నొప్పులు పడిన తల్లిగా అగ్రిప్పినా రాసిన రెండు మాటలు, ఆమెను మెచ్చని ఇద్దరు పురుషుల గ్రంథాలలో చిక్కుకొని, దాదాపు రెండువేల ఏళ్ళు దాటి వచ్చాయి. ఆమె జీవితం గురించిన ఏ తీర్పుకైనా ముందు ఆ రెండు మాటలను ఆమె పక్షాన ఒకసారి చదవడం అవసరం.